సొసైటీ అప్పా, బ్యాంకు అప్పా? పంట రుణంలో అసలు తేడా ఎక్కడుంది

విస్సన్నపేట, తిరువూరు వైపు మామిడి తోటలున్న కుటుంబాల్లో చాలామంది పిల్లలు పట్నాల్లో ఉంటున్నారు. అప్పు కాగితాల మీద సంతకం మాత్రం ఊళ్లో పెద్దవాళ్లదే. సొసైటీలో అయితే ప్రభుత్వ వడ్డీ, బ్యాంకులో అయితే ఎక్కువ అని వాళ్లు అనుకుంటుంటారు. ఆ మాట సగమే నిజం.

కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ అప్పు ఎక్కడ తీసుకున్నామన్న దాన్ని బట్టి రాదు. కిసాన్ క్రెడిట్ కార్డు కింద పంట రుణంగా రాశారా లేదా అన్నదే లెక్క. కృష్ణా జిల్లా కేంద్ర సహకార బ్యాంకు పరిధిలోని సొసైటీ అయినా, గ్రామీణ బ్యాంకు అయినా, జాతీయ బ్యాంకు అయినా 3 లక్షల వరకు వడ్డీ 7 శాతమే. గడువులోగా కడితే 3 శాతం రాయితీ వస్తుంది, అంటే చివరికి పడేది 4 శాతం. 3 లక్షల మీద ఏడాదికి 12 వేలు. గడువు దాటితే ఆ 3 శాతం పోయి 21 వేలకు చేరుతుంది. ఈ పరిమితిని 5 లక్షలకు పెంచుతామని 2025–26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. మీ బ్రాంచిలో ఎంతవరకు ఇస్తున్నారో అడిగి తెలుసుకోండి.

రాష్ట్ర ప్రభుత్వం సున్నా వడ్డీ పథకం కింద లక్ష వరకు మిగతా 4 శాతాన్నీ భరించిన సంవత్సరాలున్నాయి. అదైనా రైతు ముందు కట్టాక, తర్వాత ఖాతాలో పడిన సొమ్మే. దాన్ని నమ్ముకుని గడువు దాటించకూడదు. 2014 రుణమాఫీ అప్పుడు జరిగింది అదే. కుటుంబానికి లక్షన్నర పరిమితితో వచ్చిన ఆ మాఫీ కోసం కట్టకుండా ఆగినవాళ్ల మీద వడ్డీ పేరుకుపోయింది.

బ్యాంకులో బంగారం పెట్టి తెచ్చిన అప్పు విషయంలో జాగ్రత్త పడాలి. అర గంటలో డబ్బు చేతికొస్తుంది కాబట్టి చాలామంది అటే మొగ్గుతారు. దాన్ని కిసాన్ కార్డు ఖాతాలో చూపించకపోతే వడ్డీ రాయితీ రాదు. ట్రాక్టర్ లాంటి టర్మ్ లోన్లకూ ఈ 4 శాతం వర్తించదు.

హామీ గురించీ తెలుసుకోవాలి. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు భూమి తనఖా అడగకూడదు. సొసైటీలో అయితే సభ్యత్వం, వాటాధనం ఉండాలి. ఊళ్లోనే పని అయిపోవడం దాని సౌకర్యం. పెద్ద మొత్తం కావాలంటే బ్యాంకే నయం.

కౌలు రైతు పరిస్థితి వేరు. 2019 చట్టం ప్రకారం ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం 11 నెలలు చెల్లుతుంది, దానికి భూయజమాని అంగీకారం కావాలి. అది దొరకనివాళ్లు వ్యాపారి దగ్గర అడ్వాన్స్ తీసుకుంటారు. కాయ ఆ వ్యాపారికే పోయాలి, ధర అతను చెప్పిందే. కాగితం మీద వడ్డీ కనపడదు కాబట్టి అది చౌక అనిపిస్తుంది.

రెన్యువల్ రోజున కట్టడానికి డబ్బు లేక బయట నూటికి రెండు రూపాయల చొప్పున చేబదులు తెచ్చి కట్టి, మళ్లీ అప్పు తీసుకునేవాళ్లు ఎక్కువే. నెలకు 2 రూపాయలంటే ఏడాదికి 24 శాతం. నాలుగు రోజుల్లో తీర్చేస్తే ఫర్వాలేదు, కొత్త అప్పు మంజూరు ఆలస్యమైతేనే చిక్కు. గడువు తేదీకి నెల ముందే బ్రాంచికి వెళ్లి ఎప్పటికి రెన్యువల్ చేస్తారో అడగమని ఇంట్లో చెప్పండి. ఆ తేదీ మీ ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టుకోండి.