ఉక్కుకవచము – కోనసముద్రపు కమ్మరులు



విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారము 1992వ సంవత్సరము ఆగష్టు 1వ తేదీన జాతికి అంకితమైనది. రేవుపట్టణము ఉక్కునగరమైన ఆ కథ మీరెఱిగినదే. తెలుగుదేశమున ఉక్కుకథ మాత్రము అంతకు శతాబ్దుల పూర్వమే మొదలైనది.

నేటి నిజామాబాదు జిల్లాలో కోనసముద్రమను గ్రామము కలదు. అచ్చటి కమ్మరులు రెండు తెఱగుల ఇనుమును కలిపి, చిన్న మట్టిమూసలలో నుంచి, మూతి మెత్తి, తిత్తులూది, సుమారు 24 గంటలు కరగించెడివారు. వాయిసీ అను ఆంగ్ల వైద్యుడు ఈ పని స్వయముగా చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయినది. పారశీక వర్తకులు ఈ ఉక్కుకై అంతదూరము వచ్చి, దగ్గఱ నిలిచి, తూచి, పరీక్షించి కొనిపోవుచుండిరట! దక్షిణదేశమున మఱికొన్ని యెడల మూసలో తంగేడుకట్టెయు జిల్లేడాకులును వేసెడివారు. వానినుండి ఇనుమునకు కర్బనము చేరి అది ఉక్కగును.

ఇట్టి ఉక్కును మెల్లగా సాగగొట్టి, పులుసుతో కడిగినచో, నీటియలలవంటి చారలు పైకి తేలును. పారశీక శిల్పులు దానితో ఖడ్గములు, శిరస్త్రాణములు, కవచపు రేకులు చేసిరి. ఉక్కుపై సన్నని గీట్లు గీసి, బంగారుతీగను సుత్తితో నొక్కి, మెఱుగు పెట్టెడి కోఫ్తగిరి పనియు అందు కలదు. రొమ్మునకు, వీపునకు, రెండు ప్రక్కలకు నాలుగు రేకులు కట్టు కవచమునకు 'చహారాయినా', అనగా నాలుగద్దములు అని పేరు. దేహరక్షకై పుట్టిన వస్తువు క్రమముగా ప్రభువుల వైభవమునకు గుఱుతయ్యెను.

జపానులోను ఇట్లే జరిగినది. లక్కపూసిన చిన్నరేకులను పట్టుత్రాళ్లతో అల్లుట అచ్చటి పద్ధతి. 1603 మొదలు 1868 వరకు తొకుగావవారి యేలుబడిలో యుద్ధములు సన్నగిల్లగా కవచము అలంకారమైనది. 1876లో కత్తి ధరించుట సామాన్యముగా నిషేధింపబడెను. అచ్చటి కవచకారులు కొందఱు ఇనుముతో కీళ్లు కదలెడి పీతలను, సర్పములను చేసి తమ నేర్పును నిలుపుకొనిరి.

మన కమ్మరుల కట్టి త్రోవ దొరకలేదు. సీమనుండి చౌకయుక్కు వచ్చి పడెను. సంస్థానాధిపతుల సేనలు తగ్గెను. 1878లో ఆయుధముల చట్టము వచ్చెను. మూసలు చల్లారెను. లండనులో కమ్మరి కుమారుడైన ఫారడే పండితుడు మన యుక్కును 1819 ప్రాంతమున పరిశోధించి గ్రంథస్థము చేసెను. ఆ యుక్కును చేసిన చేతులు మాత్రము తమ విద్యను వ్రాసిపెట్టలేదు. అది తండ్రినుండి కొడుకునకు నోటిమాటగా వచ్చినది, కొడుకు కొలిమి విడిచినప్పుడు దానితోనే పోయినది.

పెద్దలారా! మీ యూరిపొలిమేరను ఇనుపచిట్టెపు దిబ్బ యున్నచో దానిని వట్టి రాళ్లకుప్పగా నెంచకుడు. అది చదువురాని పండితులు విడిచిన శాసనము. వృద్ధుడైన కమ్మరి యున్నచో, ఆతని ప్రక్కన ఒక సాయంకాలము కూర్చుండి, ఆతడు చెప్పినది పిల్లలచేత వ్రాయింపుడు. కవచము శిథిలమైనను వస్తుప్రదర్శనశాలలో నిలుచును. విద్యకు మాత్రము మనుష్యుడే కవచము.