గుంటూరు యార్డుకు తాళం పడ్డ వేసవి

గుంటూరు జిల్లాలో ఒక్క కరోనా కేసు కూడా బయటపడకముందే మిర్చి రేటుకు దెబ్బ తగిలింది. 2020 జనవరిలో, చైనా కొత్త సంవత్సరం పండుగకు రెండు రోజుల ముందు, వూహాన్ నగరాన్ని మూసేశారు. తేజ అనే మిర్చి రకానికి పెద్ద గిరాకీ ఆ దేశానిదే. ఎగుమతులు మందగించేసరికి, కొత్త కాయ ఇంకా కల్లాల్లో ఎండుతుండగానే ధర దిగడం మొదలైంది.

మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే గుంటూరు మిర్చి యార్డు సరిగ్గా సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో మూతపడింది. మార్చి 27న కేంద్రం వ్యవసాయ పనులకు, మార్కెట్లకు మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కానీ గుంటూరు నగరంలో కేసులు పెరుగుతూ పోయాయి. రైతులు, హమాలీలు, దిగుమతి వ్యాపారులు (కమీషన్ ఏజెంట్లు), ఎగుమతిదారుల గుమస్తాలు వేలమంది ఒకరినొకరు రాసుకుంటూ తిరిగే చోటును తెరిచే ధైర్యం ఎవరికి ఉంటుంది? మే నెలాఖరు దాకా తాళం తీయలేదు.

చేలో కాయ మాత్రం ఆగదు. గుంటూరు ప్రాంతంలో మిరప కోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి, కుటుంబాలకు కుటుంబాలే వలస వస్తాయి. బస్సులూ రైళ్లూ ఆగిపోవడంతో వాళ్లు పొలాల గట్ల మీది గుడారాల్లోనే చిక్కుకుపోయారు. మిర్చి చరిత్ర రాసేవాళ్లు రకాల గురించి, రేట్ల గురించి రాసినంతగా ఈ కోత కూలీల గురించి రాయరు.

ఇక్కడి నల్లరేగడి నేలకు కష్టకాలం కొత్త కాదు. 1987-88లో తెల్లదోమ పత్తిని పీల్చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్తయ్యాయి. ఆ నేలలోనే మిరప విస్తరించింది. గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం 334 లాంటి రకాలనిచ్చింది. 2010లో గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అయితే 2020లో రైతును కాచింది విత్తనమూ కాదు, గుర్తింపూ కాదు. శీతల గిడ్డంగులు. ఒకప్పుడు గోదాముల్లో దాచిన మిర్చి వానాకాలం వచ్చేసరికి చెమ్మ పట్టి రంగు పోయేది, పురుగు పట్టేది. ఇప్పుడు గుంటూరు చుట్టుపక్కల వందకు పైగా కోల్డ్ స్టోరేజీలున్నాయి. మార్కెట్ భాషలోనే సరుకు రెండు జాతులైంది: వాటిలో దాచింది ఏసీ, దాచనిది నాన్ ఏసీ.

పక్కనే తెనాలి నిమ్మ యార్డుది వేరే కథ. ఎండలు ముదిరేకొద్దీ నిమ్మకు ధర రావాలి. సోడా బండ్లు, హోటళ్లు, పెళ్లిళ్లు అన్నీ ఆగిన వేసవిలో కొనేవాడెవడు? నిమ్మకాయను మిర్చిలా నెలల తరబడి దాచిపెట్టే వీలూ లేదు.

మిర్చిని దాచుకోవడమూ ఊరికే అయ్యే పని కాదు. టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు, ఇంత అని అద్దె, దాచిన సరుకు మీద తెచ్చిన అప్పుకు వడ్డీ. సొంత పొలం ఉన్నవాడు ఆరు నెలలు ఓపిక పట్టగలడు. కౌలు, ఎరువుల కొట్టు బాకీ, కూలి డబ్బులు ఒకేసారి మీద పడ్డ కౌలు రైతుకు ఆ ఓపిక ఎక్కడిది?

వ్యాపారులకు ఆ ఏడాది అనుకోని దారి ఒకటి దొరికింది. గుంటూరు మిర్చి బంగ్లాదేశ్‌కు లారీల్లో వెళ్లేది. టన్నుకు సుమారు 7,000 రూపాయలు పడేది. లాక్‌డౌన్‌లో ఆ దారి మూసుకుపోయింది. గూడ్సు రైలు కట్టాలంటే ఒక్క విడతకు కనీసం 1,500 టన్నులు కావాలి. చిన్న వ్యాపారులకు అది అందని లెక్క. 2020 జూలైలో రైల్వే 500 టన్నుల లోపు సరుకుకు పార్శిల్ రైలు ఇచ్చింది. గుంటూరు పక్కనున్న రెడ్డిపాలెం నుంచి 16 వ్యాన్లలో 384 టన్నుల ఎండుమిర్చి సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోని బెనాపోల్ చేరింది. ఖర్చు టన్నుకు 4,608 రూపాయలు. మన పార్శిల్ రైలు దేశం దాటడం అదే మొదటిసారి. లాక్‌డౌన్ లేకపోతే ఈ ఆలోచన ఎప్పటికి వచ్చేదో!

మరుసటి ఏడాది కొత్త శత్రువు దిగింది. 2021 చలికాలంలో నల్ల తామరపురుగు పూతలో చేరి తోటలను ఎండగట్టింది. పెట్టుబడి పెట్టిన చేలనే చాలామంది దున్నేశారు. దిగుబడి పడిపోయాక 2022లో ధర ఎగిసింది. ఏసీలో పాత టిక్కీలు మిగిలినవాళ్లు ఆ ధరకు అమ్ముకున్నారు.