నడిచే షహర్: ఖైమాల తారీఖ్

వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో ఈ మధ్య టెంట్ల బేరం బాగా పెరిగింది. ఒక రకం టెంటులో పల్చటి పరుపు, ఒక టార్చిలైటు, అంతే. ఇంకో రకం దాంట్లో మంచం, కుర్చీలు, పక్కనే గుసల్‌ఖానా. ఏసీ ఉన్నవి కూడా ఉన్నాయట. దానికి ‘గ్లాంపింగ్’ అని కొత్త పేరు పెట్టారు. గుడ్డ డేరాకి ఏసీ ఏమిటి, జమానా పాడైపోయింది అని మన పెద్దవాళ్లు తల కొట్టుకుంటారు. కానీ ఇందులో కొత్తది పేరొక్కటే. ఖైమాలో ఆరామ్ అనే యవ్వారం ఎంత దూరం వెళ్లొచ్చో అక్బర్ బాద్షా జమానాలోనే లెక్క రాసి పెట్టారు.

రాసింది అబుల్ ఫజల్. కితాబ్ పేరు ‘ఆయినే అక్బరీ’. బాద్షా సఫర్‌కి బయలుదేరితే ఆయన డేరాల సామాను మోయడానికి 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బండ్లు, 100 మంది హమాలీలు కావాలని అందులో ఉంది. కాపలాకి 500 మంది సవార్లు. డేరాలు వేసే ఫరాష్‌లు 1000 మంది. నేల చదును చేసేవాళ్లు 500, నీళ్లు మోసే భిష్తీలు 100, తోలుపని వాళ్లు 30, ఊడ్చేవాళ్లు 150. ఇంకా వడ్రంగులు, డేరాలు కుట్టేవాళ్లు, మషాల్ పట్టేవాళ్లు వేరే. ఇదంతా ఒక్క సెట్టు. ఇలాంటివి రెండుండేవి. బాద్షా ఒకదాంట్లో నిద్రపోతుంటే రెండోది ముందు మంజిల్ దగ్గర సిద్ధమవుతూ ఉండేది. ముందే వెళ్లే ఆ సెట్టుని పేష్‌ఖానా అనేవాళ్లు. అంటే బాద్షా గుర్రం దిగేసరికి నిన్నటి ఇల్లే ఇవాళ ఇంకో ఊళ్లో నిలబడి ఉండేది.

ఇక ఆ ఇంటి సంగతి. బార్‌గాహ్ అనే పెద్ద దర్బారు డేరాలో పదివేల మందికి పైగా పడతారు. యంత్రాల సాయం ఉన్నా దాన్ని నిలబెట్టడానికి 1000 మంది ఫరాష్‌లకు వారం పట్టేది. జరీ, మఖ్మల్ ఏమీ లేని సాదా బార్‌గాహ్‌కే పదివేల రూపాయలు దాటేది ఖర్చు. దో ఆషియానా మంజిల్ అని 18 స్తంభాల మీద లేచిన రెండంతస్తుల కట్టడం ఒకటి. పొద్దున్నే బాద్షా పై అంతస్తులోంచి జనానికి కనబడేవాడు. మొత్తం ఆవరణ చుట్టూ గులాల్‌బార్ అనే మడత తడిక, దానికి ఎర్రగుడ్డ, బిగించడానికి తోలు పట్టీలు.

ఏసీ సంగతి అడిగారు కదా. వెదురు చట్రాల్లో వట్టివేళ్లు దట్టించి నీళ్లు చల్లేవాళ్లు. దాని పేరు ఖస్‌ఖానా. ఎండాకాలంలో మన ఇళ్ల కిటికీలకు వేలాడదీసే వట్టివేళ్ల తడికలకు అది పెద్దన్న. తాగే నీళ్లు చల్లబరచడానికి సురేకారం వాడేవాళ్లు. బాద్షా ఎక్కడున్నా గంగనీళ్లే తాగేవాడు కాబట్టి అవి సీలు వేసిన జాడీల్లో వెంట వచ్చేవి. అనంతగిరి రిసార్టు వాళ్లు ఇంకా చాలా దూరం నడవాలి.

ఇదే ఖాందాన్‌లో ఇంకో తరహా చూడండి. అక్బర్ తాత బాబర్. 1506–07 చలికాలంలో హెరాత్ నుంచి కాబుల్‌కి కొండదారిలో వస్తున్నాడు. గుర్రాల పొట్టల దాకా మంచు. దారి తొక్కడానికి మనుషులే వరసగా ముందుకెళ్లి మంచుని అణగదొక్కాల్సి వచ్చింది. ఒక సాయంత్రం తుఫాను మధ్య ఒక గుహ దొరికింది, చూస్తే చిన్నదిగా ఉంది. మీరు లోపలికి వెళ్లండి అన్నారు సిపాయిలు. బాబర్ వెళ్లలేదు. మనవాళ్లు మంచులో ఉంటే నేను వెచ్చగా పడుకోవడం మర్దానగీ కాదనుకుని, గుహ బయట జానమాజ్ అంత వెడల్పున మంచు తవ్వుకుని ఆ గుంటలో కూర్చున్నాడు. ఇషా వేళ దాకా అక్కడే. తల మీద, వీపు మీద, చెవుల మీద మంచు పేరుకుంది. తర్వాత ఎవరో గుహ లోపలంతా వెతికి, అందరికీ చోటుందని కేక వేశారు. అప్పుడు మంచు దులుపుకుని అందరినీ పిలిచి లోపలికి వెళ్లాడు. ఇది ఆయన తన సొంత తుర్కీ జుబాన్‌లో, తన ఆత్మకథలో రాసుకున్నదే. తన గురించి తాను రాసుకున్నాడు కాబట్టి కొంచెం తగ్గించి నమ్మాలనుకుంటే నమ్మండి. నాకు మాత్రం ఆ చెవుల మీది మంచు అబద్ధంలా అనిపించదు.

తాత మంచుగుంటకీ మనవడి బార్‌గాహ్‌కీ మధ్య వందేళ్లు కూడా లేవు. ఆరామ్ పెరిగిన కొద్దీ దాన్ని మోసేవాళ్లూ పెరిగారు. తారీఖ్ కితాబులు చదివేటప్పుడు మనం ఏనుగుల లెక్క చూసి వాహ్వా అంటాం. ఊడ్చే 150 మంది ఎక్కడ పడుకున్నారని అడగం.

ఆ జవాబు కొంచెం విలాయతీ సయ్యాహుల దగ్గర దొరుకుతుంది. ఇంగ్లండ్ రాయబారి థామస్ రో 1616లో జహంగీర్ వెంట అజ్మీర్ నుంచి బయలుదేరాడు. అంత పెద్ద లష్కర్ నాలుగు గంటల్లో నిలబడిపోవడం చూసి హైరాన్ అయిపోయాడు. అదే మనిషి ఇంకో సంగతి కూడా రాశాడు. అజ్మీర్‌లో లష్కర్ జనం ఉన్న గుడిసెలకు నిప్పు పెట్టమని హుకుం అయిందట, ఎవరూ వెనక మిగిలిపోకుండా అందరూ కదలాలని. బాద్షాకి సఫర్ ఒక షౌఖ్. ఆ గుడిసెల్లో పిల్లాజెల్లాతో ఉన్నవాళ్లకి అది కాలిన ఇల్లు.

ఫ్రాన్స్ హకీమ్ బెర్నియే 1664 డిసెంబర్‌లో ఔరంగజేబ్ వెంట ఢిల్లీ నుంచి కశ్మీర్‌కి బయలుదేరాడు. ఆయనది మధ్యతరగతి కాంపింగ్ అనుకోండి. మామూలు సైజు డేరా ఒకటి, తివాచీ ఒకటి, తేలికైన కర్రలతో మడిచే మంచం ఒకటి, రెండు గుర్రాలు, ఒక ఒంటె, ఒక వంటవాడు. ఎండ, దుమ్ము, బజారు రొట్టె అన్నిటి మీదా ఫిర్యాదే. మామూలు సిపాయి తిండి ఖిచిడీ, పైన కాస్త నెయ్యి. సాయంత్రం అయ్యేసరికి వేల పొయ్యిల్లో పిడకలు, పచ్చికట్టెలు, ఒంటె పేడ ఒకేసారి అంటుకునేవి. ఆ పొగలో పక్కమనిషి కూడా కనబడడు, దొంగలకి పండగ. బెర్నియే ఒక రాత్రి దారి తప్పి తిరిగి తిరిగి, చివరికి ఆకాశ్‌దియా దగ్గరికి చేరి దాని కిందే తెల్లవార్లూ గడిపాడు.

ఆకాశ్‌దియా అంటే 40 గజాల ఎత్తు స్తంభం. 16 తాళ్లతో బిగించి, పైన పెద్ద దీపం పెట్టేవాళ్లు. బాద్షా డేరా ఎటుందో రాత్రిపూట తెలియడానికి. మన పొరుగిళ్లవాళ్లు కార్తీకమాసంలో గుడి ముందు ఎత్తే ఆకాశదీపం పేరే మొఘల్ లష్కర్‌లోనూ వెలిగింది. ఫార్సీ రాసే అబుల్ ఫజల్ కూడా దానికి ఫార్సీ పేరు వెతకలేదు.

లష్కర్ మన దగ్గరికి వచ్చింది కూడా ఈ ఔరంగజేబ్‌తోనే. 1681లో దక్కన్‌కి బయలుదేరిన మనిషి మళ్లీ ఢిల్లీ చూడలేదు. 1707లో అహ్మద్‌నగర్‌లో ఇంతెకాల్ అయ్యేదాకా పాతికేళ్లు ఎక్కువగా డేరాల్లోనే బతికాడు. 1687లో గోల్కొండ ముహాసరా ఎనిమిది నెలలు నడిచింది. వానలు ఆగలేదు, వాగులు పొంగి అనాజ్ రావడం ఆగింది, పైన వబా వచ్చిపడింది. కోట లోపల అబుల్ హసన్ తానాషా కథ మనందరికీ తెలుసు. కోట బయట బురదలో తడిసిన డేరాల్లో ఆకలితో పోయిన మామూలు సిపాయిలకీ, సైసులకీ ఎవరూ కథ రాయలేదు. చివరికి సెప్టెంబర్‌లో తోపులతో కాకుండా లోపలి మనిషి తెరిచిన దర్వాజాతో కోట పడింది. ఆ ఫౌజ్ దిగిన మైదానమే ఫతే మైదాన్ అని హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. ఇప్పుడది లాల్ బహదూర్ స్టేడియం.

1695లో ఇటలీ సయ్యాహ్ కరేరీ కృష్ణా ఒడ్డున గల్గలా దగ్గర ఈ లష్కర్‌ని చూశాడు. చుట్టుకొలత 30 మైళ్లు, జనం 5 లక్షలు, 250 బజార్లు అని రాశాడు. లెక్కలో ముబాలగా ఉండొచ్చు. సగం కొట్టేసినా అది నడిచే షహరే. ఇంతమందికి గింజలు మోసింది బంజారాలు, వేల ఎద్దుల మీద. తెలంగాణలో ఈ రోజు తండా అంటున్నామే, ఆ మాటకి అసలు అర్థం కదిలే బిడారు. దిగిన చోటే ఊరైపోయి, మాట కూడా అక్కడే స్థిరపడింది.

ఇక 1700 అక్టోబర్. ఖవాస్‌పూర్ దగ్గర ఎండిన ఏటి ఒడ్డున డేరాలు. రాత్రి పైనెక్కడో వాన పడి ఏరు ఒక్కసారిగా లష్కర్ మీదికొచ్చింది. మనుషులు, పశువులు, సామాను కొట్టుకుపోయాయి. ఎనభై దాటిన బాద్షా కంగారులో లేచి పరిగెత్తబోయి పడ్డాడు. మోకాలి కీలు తప్పింది, ఆ కుంటి ఉమ్రంతా పోలేదు. హుజూర్‌కి తైమూర్ లంగ్ విరాసత్ దొరికిందని దర్బారీలు ఖుషామద్ చేశారట. ఎర్రగుడ్డ ఎంత ఖరీదైనా నీళ్లని ఆపదు.

ఇక్కడ మన జుబాన్ గురించి ఒక మాట చెప్పకపోతే నేను చదివిన ఉర్దూ మీడియం బడికి బాకీ పడతాను. ఉర్దూ అనే తుర్కీ మాటకి అర్థమే లష్కర్, ఛావనీ. అక్బర్ లష్కర్‌లోనే టంకసాల నడిచేది. అక్కడ కొట్టిన నాణేల మీద ఊరి పేరు బదులు ‘ఉర్దూ జఫర్ కరీన్’ అని ఉంటుంది. దీన్ని పట్టుకుని, ఉర్దూ అంటే డేరాల్లో సిపాయిలు కలగాపులగం చేసిన భాష అని స్కూల్లో మాకు చెప్పారు, ఇప్పటికీ పిల్లలకి చెబుతున్నారు. నేను ఒప్పుకోను. జుబాన్‌కి ఉర్దూ అనే పేరు స్థిరపడిందే పద్దెనిమిదో సదీ చివర్లో. అంతకు ముందు హిందవీ, రేఖ్తా, దక్కనీ. 1580 నుంచి 1612 దాకా హుకూమత్ చేసిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా గోల్కొండలో దక్కనీ గజళ్ల దీవానే రాసేశాడు. ఔరంగజేబ్ డేరాలు ఇక్కడ దిగడానికి 75 ఏళ్ల ముందు. లష్కర్ మన జుబాన్‌కి పేరు ఇచ్చింది, పుట్టుక ఇవ్వలేదు. బయటినుంచి వచ్చిన ఫౌజ్ భాష మీది అని ఎవరైనా మీ పిల్లలతో అంటే ఈ రెండు తారీఖులూ చెప్పమనండి.

పోతే, లష్కర్ తెలుగులో కూడా సామాను దించి వెళ్లింది. డేరా, కనాతు, షామియానా, మకాం, మజిలీ. కాశీమజిలీ కథలు చదివినవాళ్లకి ఆ మజిలీ మన మంజిలే అని చెబితే నవ్వుతారు. సికింద్రాబాద్‌ని లష్కర్ అనే పిలుస్తారు, బోనాలు కూడా లష్కర్ బోనాలే. ఫరాష్ అనే నౌకరీ సర్కారీ దఫ్తర్ల కాగితాల్లో ఇంకా కనబడుతుంది. మన షాదీలకి తెల్లవారుజామున వచ్చి గుంజలు పాతి, అర్ధరాత్రి వలీమా అయ్యాక అందరూ వెళ్లిపోయిన తర్వాత తాళ్లు విప్పే టెంట్‌హౌస్ కుర్రాళ్లు చేసేది అక్బర్ ఫరాష్‌ల పనే. వాళ్లు తిన్నారో లేదో ఎంతమంది దుల్హన్ బాపులు అడుగుతారో మీకే తెలుసు.

ఇప్పుడు మనకి తెలిసిన అన్నిటికంటే పెద్ద ఖైమాల షహర్ మినా. 1997 ఏప్రిల్ 15న అక్కడ మంటలు లేచి, సర్కారీ లెక్క ప్రకారమే 343 మంది హాజీలు షహీద్ అయ్యారు. ఆ తర్వాతే మామూలు గుడ్డ డేరాలు తీసేసి, నిప్పు అంటని తెల్ల ఖైమాలు లక్షకు పైగా వేశారు, చల్లగాలి మిషన్లతో. ఆ సహూలత్ మీద నాకు ఎతరాజ్ లేదు. ముసలి హాజీలు ఎండలో పడిపోకుండా ఉంటే అదే సవాబ్. ఎతరాజ్ ప్యాకేజీల మీద. జమరాత్‌కి దగ్గర ఖైమాకి ఒక రేటు, దూరం ఖైమాకి ఇంకో రేటు, సోఫా ఉంటే మరో రేటు. మినాలో మీకు నీడకి ఒక కట్టడం కట్టమంటారా అని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లంని అడిగితే వద్దన్నారని, మినా ముందొచ్చి దిగినవాళ్లదని చెప్పారని హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా రివాయత్ తిర్మిజీలో ఉంది. టూర్లవాళ్ల రంగుల బ్రోచర్లలో అది కనబడదు.

ముజ్దలిఫాలో మాత్రం ఇప్పటికీ మామూలుగా ఖైమాల్లేవు. అరఫాత్ నుంచి సూర్యాస్తమయం తర్వాత బస్సుల్లో, కాలినడకన వచ్చి, మగ్రిబ్, ఇషా కలిపి చదివి, పది రియాళ్ల చాప పరుచుకుని రాళ్ల మీద పడుకోవడమే. వీఐపీ ప్యాకేజీ సేఠ్ పక్కన కర్నూలు నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారు, ఆయన పక్కన నైజీరియా నుంచి వచ్చిన రైతు, అందరివీ అవే రెండు తెల్లగుడ్డలు. నిద్ర పట్టనివాళ్లు ఫోన్ లైటు వెలుగులో రమీ కోసం శనగగింజంత కంకర్లు ఏరుకుంటూ ఉంటారు.