మద్రాసు ఆకాశంలో చిన్న విమానాలు



సూళ్ళూరుపేట వైపు నాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. వయసులో ఉండగా మద్రాసులో విమానం నడపడం నేర్చుకొని ప్రైవేటు పైలట్ లైసెన్సు సంపాదించారు. ఆ తరువాత వ్యాపారం, సంసారం, పిల్లల చదువులు. లైసెన్సు గడువు ఎప్పుడు తీరిపోయిందో ఆయనకే గుర్తులేదు. ఆ మధ్య బీరువా సర్దుతుంటే పాత లాగ్ బుక్ బయటపడిందట. "ఇప్పుడు మైక్రోలైట్ అని బుల్లి విమానాలు వచ్చాయి కదా, మళ్ళీ ఒకసారి ఎగరవచ్చునంటారా?" అని నన్నడిగారు. ఆయనకు జవాబు చెప్పడానికి నేను నూరేళ్ళు వెనక్కి వెళ్ళవలసి వచ్చింది.

మద్రాసులో మొట్టమొదట ఎగిరిన విమానం ఏ దొరగారిదో, ఏ సైన్యానిదో కాదు. మౌంట్ రోడ్డులో హోటలు నడిపే డి ఆంజెలిస్ అనే ఆయనది. కోర్సికా ద్వీపం నుండి వచ్చినవాడు. తన ఊహ ప్రకారం ఒక విమానం గీసుకొని, బండ్ల బాడీలు కట్టే సింప్సన్ కంపెనీ వారి కార్ఖానాలో దాన్ని తయారు చేయించాడు. 1910 మార్చిలో పల్లావరంలో ఎగరేశాడు. ఫ్రాన్సులో బ్లెరియో ఇంగ్లీషు చానల్ దాటి అప్పటికి ఏడాదైనా కాలేదు. అలహాబాదులో విమానం మీద ఉత్తరాలు పంపిన సంగతి మనం పిల్లలకు చెబుతుంటాం. అది 1911 ఫిబ్రవరి నాటి మాట. అంతకు ఏడాది ముందే మన పక్క ఊళ్ళో ఒక హోటలు యజమాని గాలిలోకి లేచాడు. కర్ర, గుడ్డ, తీగలు, ఒక చిన్న ఇంజను. నేటి లెక్కలో దాన్ని మైక్రోలైట్ అనవచ్చు.

1929-30 ప్రాంతంలో మద్రాసు ఫ్లయింగ్ క్లబ్బు వెలిసింది. అప్పటి క్లబ్బులన్నిటికీ ముద్దుబిడ్డ జిప్సీ మాత్. రెండు సీట్లు, రెండంతస్తుల రెక్కలు. రెక్కలు వెనక్కి మడిచి కొట్టంలో పెట్టుకోవచ్చు. 1932 అక్టోబరులో జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి బొంబాయికి తపాలా తెచ్చారు. అక్కడి నుండి ఆ సంచులను నెవిల్ విన్సెంట్ అందుకొని, బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. బళ్ళారి వైపు శ్రోతలు ఈ మాట గుర్తుంచుకోవాలి. టాటాగారి మొదటి విమాన తపాలా మార్గం మీ ఊళ్ళో దిగి వెళ్ళింది. ఆ టాటాగారే 1982లో, 78 ఏళ్ళ వయసులో, పాతకాలపు లెపర్డ్ మాత్ విమానంలో అదే కరాచీ-బొంబాయి ప్రయాణం మళ్ళీ ఒంటరిగా చేశారు. మా పెద్దాయనకు ఇది చెప్పగానే ముఖం వెలిగింది. అయితే టాటాగారు మధ్యలో విమానం నడపడం మానేసినవారు కారు అని కూడా చెప్పాను. ఆ మాట అంతగా రుచించలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక బెంగుళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వారు క్లబ్బుల కోసమే పుష్పక్ అనే రెండు సీట్ల విమానం చేశారు. 1958లో అది మొదట ఎగిరింది. 90 గుర్రాల ఇంజను, సుమారు 600 కిలోల నిండు బరువు. మా పెద్దాయన నేర్చుకొన్నది దాని మీదే.

ఆ తరువాత కథ తెలిసిందే. మీనంబాక్కంలో జెట్ విమానాలు పెరిగాయి. వాటి వరుసల మధ్య బుల్లి విమానం దూరి, పది నిమిషాలు చుట్టు కొట్టి దిగుతానంటే వీలు కాని రోజులు వచ్చాయి. యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన షోలవరం దారి, నెల్లూరు రోడ్డున పోయేవారు ఎరిగినదే, అదేమో ఎన్నో ఏళ్ళు కార్ల పందేలకు ఉపయోగపడింది. ఎగరాలన్న మనసున్నా చోటు లేక, ఖర్చు భరించలేక ఎందరి లైసెన్సులు మూలపడ్డాయో.

సరిగ్గా ఆ రోజుల్లోనే చిన్న విమానం మరో దారిన తిరిగి వచ్చింది. అమెరికాలో రొగాలో అనే ఇంజనీరు 1948లో మెత్తని గుడ్డ రెక్కకు పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. దాని నుండి హాంగ్ గ్లైడర్ పుట్టింది. దానికి ఇంజను తగిలించి, కింద మూడు చక్రాల బండి వేలాడదీస్తే మైక్రోలైట్ అయింది. గట్టి రెక్కలు, తోక ఉన్న రకం ఇంకొకటి. మన దేశపు నిబంధనల్లో మైక్రోలైట్ నిండు బరువు సుమారు 450 కిలోలు, మనుషులూ పెట్రోలూ అన్నీ కలిపి. ఖాళీ జిప్సీ మాత్ ఒక్కటే నాలుగు వందల కిలోలు తూగేది! 1988లో విజయపత్ సింఘానియా ఇలాంటి విమానంలో లండన్ నుండి ఒంటరిగా మన దేశానికి వచ్చారు. 2007లో వైమానిక దళానికి చెందిన రాహుల్ మోంగా, అనిల్ కుమార్ మైక్రోలైట్ మీద సుమారు ఎనభై రోజుల్లో భూమిని చుట్టి వచ్చారు. మన ఎన్.సి.సి. పిల్లలు శిక్షణ పొందుతున్నదీ వీటి మీదే.

బరువు తక్కువ కాబట్టి నడపడం తేలిక అనుకొంటారు. పాత పైలట్లకు ప్రమాదం అక్కడే ఉంది.

మామూలు విమానంలో చేతికర్రను తనవైపు లాక్కొంటే ముక్కు పైకి లేస్తుంది. గుడ్డ రెక్క మైక్రోలైట్‌లో కర్ర ఉండదు, అడ్డబద్ద ఉంటుంది. దాన్ని ముందుకు తోస్తే ముక్కు పైకి, లాక్కొంటే కిందికి. కుడికి తిరగాలంటే బద్దను ఎడమకు జరపాలి. నేల మీద కూడా అంతే, కుడికాలు నొక్కితే బండి ఎడమకు పోతుంది. కొత్తగా నేర్చుకొనేవాడికి ఇది చిక్కు కాదు. ఇరవై ఏళ్ళ నాటి అలవాటు చేతుల్లో దాగి ఉన్నవాడికి చిక్కు. నెమ్మదిగా ఉన్నప్పుడు అంతా గుర్తుంటుంది. దిగే సమయాన గాలి ఒక్కసారి కుదిపితే చెయ్యి బుర్రను అడగదు, పాత పనే చేస్తుంది.

గట్టి రెక్కల రకంలో ఈ తిరకాసు లేదు. కాని బరువు లేని బండికి వేగం నిలవదు. పుష్పక్‌లో ఇంజను తగ్గించినా కొంతదూరం ఊపు మీద పోతుంది. మైక్రోలైట్‌లో ఇంజను ఆగితే వెంటనే ముక్కు దించాలి, లేకపోతే వేగం క్షణాల్లో కరిగిపోతుంది. ఇక మన తీరంలో ఎండకు నేల వేడెక్కి పైకి తన్నే గాలులు, మధ్యాహ్నానికి తోసుకొచ్చే సముద్రపు గాలి. అందుకే వీటిని తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక నడుపుతారు.

అందువల్ల మా పెద్దాయనకు నేను చెప్పింది ఇది. 1934 నాటి విమాన చట్టం పోయి, 2025 జనవరి 1 నుండి కొత్త చట్టం వచ్చింది. అయినా మొదటి మెట్టు మారలేదు. ముందు వైద్య పరీక్ష. తరువాత శిక్షకుడి పక్కన కూర్చొని నడిపి చూపడం, రేడియోలో మాట్లాడే అనుమతి సరిచూసుకోవడం. మైక్రోలైట్ లైసెన్సు వేరే రకం. లాగ్ బుక్‌లోని పాత గంటలు గౌరవప్రదమే గాని, అవి చేతులకు హామీ కావు. వీలైతే గట్టి రెక్కల రకమే ఎంచుకోండి, మీ అలవాటు మీకు అడ్డు రాదు, అన్నాను.

ఆయన ముందుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఎడమకంట శుక్లం ఉందన్నారట. ఆపరేషను అయింది. పచ్చగుడ్డ విప్పిన మర్నాడే ఫోను చేసి, వాకిట్లో నిలబడి చూస్తుంటే ఎత్తున పోతున్న విమానం తోక మీది రంగు కూడా కనిపించిందని చెప్పారు. వైద్య పరీక్ష తేదీ కోసం ఎదురుచూస్తున్నారు.