నల్లగొండ నీరు, పెద్దల వెన్నెముక: ఒక పరిశోధన చరిత్ర

నకిరేకల్‌తో సహా నల్లగొండ జిల్లాలో ఎక్కువ భాగం గ్రానైట్ నేల కాగా, ఆ రాళ్ల నుంచి భూగర్భజలంలోకి దిగే ఫ్లోరైడ్‌ను ఏళ్ల తరబడి తాగినవారికి వెన్ను బిగుసుకుపోయి మెడ తిరగదు. ఫ్లోరోసిస్ అనే ఈ వ్యాధిని ముదిమి నొప్పులుగా పొరబడటం చాలా తేలిక.

మన దేశంలో దీన్ని షార్ట్, మెక్‌రాబర్ట్ తదితరులు 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో వర్ణించగా, నల్లగొండ రోగులపై ఏ.హెచ్. సిద్దిఖీ వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. ఊళ్లలో చేసే పరీక్ష సాదాసీదాది: గడ్డం ఛాతీకి ఆనించమంటారు, చేతులు తల వెనక్కి పెట్టమంటారు, మోకాళ్లు వంచకుండా నేలమీది నాణెం తీయమంటారు. ఎక్స్‌రేలోనైతే వెన్నుపూసలను కలిపే స్నాయువులు, అంటే పట్టీల వంటి కణజాలం, సున్నం పేరుకుని ఎముకలా కనిపిస్తాయి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో మోకాళ్లు లోపలికి వంగే లక్షణాన్ని వర్ణించారు. అది ఎక్కువగా చిన్న వయసువారిది కావడంతో చూపు అటు మళ్లి, పెద్దల బాధ వెనకబడిందనే చెప్పాలి.

నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిని తేర్చి ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి నల్లగొండ పద్ధతి అనే పేరు స్థిరపడింది. మంచినీరు కొత్త కేసులను ఆపగలదు గాని, గట్టిపడిన వెన్నును తిరిగి వంచే మందు ఇప్పటికీ లేదు.