సూర్యాపేట కర్నల్

గిద్దలూరు సబ్ ట్రెజరీలో నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో నెల మొదటి వారం వచ్చిందంటే మిలిటరీ పెన్షన్‌దారులతో వరండా నిండిపోయేది. రాచర్ల, కొమరోలు, బేస్తవారిపేట పల్లెల నుంచి పట్టాళంలో చేరినవారు చాలామంది. వానకు ఎదురుచూసే మెట్ట ప్రాంతం కదా! ఆ వరుసలో సిపాయిలు, హవల్దార్లు, సుబేదార్లు ఉండేవారు. కొంగు తలపై కప్పుకొని నిలబడే ఫ్యామిలీ పెన్షన్ తల్లులూ ఉండేవారు. వారి పుస్తకం మీద సంతకం చేయించుకునేటప్పుడు తలెత్తి ముఖం చూడడానికి నాకు మనసొప్పేది కాదు.

ఈ ప్రత్యేక సంచికకు ఒక సైనికుని చరిత్ర రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు కర్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు గుర్తుకు వచ్చారు. ఆయనది మన జిల్లా కాదు, తెలంగాణలోని సూర్యాపేట. అయినా ఆయన తండ్రిగారు స్టేట్ బ్యాంకులో పనిచేసి రిటైరైన మనలాంటి పెన్షనరు. తాను సైన్యంలో చేరాలని కోరుకొని, అది తీరక, ఆ కోరికను కొడుకు ద్వారా తీర్చుకున్నారు.

సంతోష్ బాబు 1983 ఫిబ్రవరి 13న జన్మించారు. ఆరవ తరగతిలోనే విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూలులో చేర్చారు. 1962లో మొదలైన ఆ పాఠశాల మన తెలుగు పిల్లలను ఎందరినో సైన్యాధికారులుగా తీర్చిదిద్దింది. సూర్యాపేట నుంచి అక్కడికి ఐదు వందల కిలోమీటర్లకు పైమాటే. పదేళ్ళ పిల్లవాణ్ణి, అందులోనూ ఒక్కగానొక్క కొడుకును, అంత దూరం పంపిన తల్లి మనసు ఎలా ఉండి ఉంటుందో మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

అక్కడి నుంచి నేషనల్ డిఫెన్స్ అకాడమీ, తర్వాత డెహ్రాడూన్‌లోని మిలిటరీ అకాడమీ. 2004 డిసెంబరులో 16వ బీహార్ రెజిమెంటులో లెఫ్టినెంట్‌గా చేరారు. ఇక్కడ మన ఖాతాలకు సంబంధించిన ఒక మాట. ఆ సంవత్సరమే జనవరి 1 నుంచి కేంద్రంలోనూ, సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలోనూ కొత్తగా చేరినవారికి పాత పెన్షన్ పోయింది. సైన్యానికి మాత్రం మినహాయించారు. అయితే అధికారికి ఆ పెన్షన్ దక్కాలంటే ఇరవై ఏళ్ళ సర్వీసు ఉండాలి. ఆయనకు పదహారేళ్ళు కూడా నిండలేదు.

కాశ్మీరులో పనిచేశారు. ఐక్యరాజ్యసమితి శాంతిసేనతో కాంగో వెళ్ళారు. 2019 డిసెంబరులో 16వ బీహార్ పటాలానికి కమాండింగ్ ఆఫీసరయ్యారు. భార్య శ్రీమతి సంతోషి, చిన్నపిల్లలైన కూతురు, కొడుకు ఢిల్లీలో, తల్లిదండ్రులు సూర్యాపేటలో, ఆయన లడఖ్‌లో. హైదరాబాదుకు బదిలీ వస్తుందని ఇంట్లోవాళ్ళు ఎదురుచూస్తున్నారని అప్పటి పత్రికలు రాశాయి. బదిలీ కోసం ఎదురుచూడడం అంటే ఏమిటో మనలో తెలియనివారెవరు?

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణ జరిగింది. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల తుపాకి పేల్చరాదని 1996లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. అందుకని ఆ రాత్రి పోరాటం తూటాలతో కాదు, రాళ్ళతో, ఇనుప కడ్డీలతో, మేకులు దిగేసిన కర్రలతో జరిగింది. కింద గడ్డకట్టే చలి నీళ్ళ నది. సంతోష్ బాబు గాయపడి కూడా ముందు నిలిచే తన మనుషులను నడిపారు. ఆయనతో కలిపి మనవాళ్ళు ఇరవైమంది నేలకొరిగారు. 1975లో అరుణాచల్ వైపు తులుంగ్ లా దగ్గర నలుగురు చనిపోయిన తర్వాత ఆ సరిహద్దులో కాపలా కాస్తూ శత్రువు చేతిలో ప్రాణాలు పోవడం అదే మొదలు. చైనా తన వైపు నలుగురు పోయారని ఒప్పుకోవడానికి 2021 ఫిబ్రవరి దాకా పట్టింది. కర్రలతో కొట్టుకొని చచ్చే ఒప్పందం ఏం ఒప్పందమని మా ఇంట్లో పిల్లలు అడిగారు. ఆ ఒప్పందం లేకుంటే ఆ రాత్రి యుద్ధమే వచ్చేదేమో అన్నాను గాని, నా జవాబు నాకే సరిగా తోచలేదు.

జూన్ 17న పార్థివదేహం హకీంపేట విమానాశ్రయానికి వచ్చింది. మరునాడు సూర్యాపేట దగ్గరి కేసారంలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు. కరోనా రోజులు కనుక జనాన్ని కట్టడి చేశారు గాని దారి పొడవునా మనుషులే. కొడుకు పోయిన దుఃఖం ఉన్నా దేశం కోసం ప్రాణమిచ్చినందుకు గర్వపడుతున్నానని ఆ తల్లి అన్నది. ఆ రెండు మాటలూ ఒక్క నోటితో అనడం ఎంత కష్టమో!

అదే ఏడాది జూలైలో శ్రీమతి సంతోషికి తెలంగాణ ప్రభుత్వం డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం ఇచ్చింది. యుద్ధంలో పోయినవారి భార్యకు చివరి జీతమంత ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, అది మామూలు లెక్క కాదు. సంతోష్ బాబుకు మహావీర చక్ర ప్రకటించారు. 2021 నవంబరు 23న రాష్ట్రపతి చేతుల మీదుగా భార్య, తల్లి కలిసి వెళ్ళి దానిని అందుకున్నారు.  ఆ రోజు టీవీలో చూస్తుంటే మా ట్రెజరీ వరండాలో నిలబడ్డ తల్లులే నాకు కనిపించారు.