విదేశాల నుంచి వైన్ తెస్తున్నారా..? మూడో బాటిల్ దగ్గరే అసలు చిక్కు!

దుబాయ్ నుంచో, అమెరికా నుంచో వస్తూ ఇంట్లోవాళ్ల కోసం, ఫ్రెండ్స్ కోసం రెండు మూడు వైన్ బాటిళ్లు బ్యాగులో వేసుకోవడం మామూలే. కానీ లెక్క తప్పితే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో జేబుకు చిల్లు పడటం ఖాయం. ఇంతకీ రూల్ ఏం చెబుతోంది..?

ఎంత వరకు ఫ్రీ..?

బ్యాగేజ్ రూల్స్ ప్రకారం ఒక్కో ప్రయాణికుడు 2 లీటర్ల వరకు మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. వైన్, విస్కీ, బీర్.. అన్నీ కలిపే ఈ 2 లీటర్లు. వైన్ బాటిల్ సాధారణంగా 750 ఎంఎల్ ఉంటుంది. రెండు బాటిళ్లయితే లీటరున్నర, ఇబ్బంది లేదు. మూడోది కలిస్తే 2.25 లీటర్లు.. పరిమితి దాటినట్టే. ఇక్కడ దిగాక అరైవల్స్ డ్యూటీ ఫ్రీ షాపులో కొన్న బాటిల్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఆ సీసాల ధర కూడా మొత్తం లగేజీకి ఇచ్చే ఫ్రీ అలవెన్స్‌లో భాగమే. ఒకరి కోటాను మరొకరి కోటాతో కలిపి చూపించడం కుదరదు.

దాటితే ఎంత కట్టాలి..?

విదేశీ వైన్‌పై సుంకం చాలా ఏళ్లుగా 150 శాతం. 2021 బడ్జెట్‌లో దీన్ని 50 శాతం కస్టమ్స్ డ్యూటీ, 100 శాతం వ్యవసాయ సెస్సుగా విడగొట్టారు. మొత్తం భారం మాత్రం తగ్గలేదు. ఈ లెక్కన అదనంగా ఉన్న బాటిల్ విలువ రూ.2,000 అయితే సుంకమే రూ.3,000. అంటే సీసా ధర కంటే పన్నే ఎక్కువ! బిల్లు దగ్గర ఉంచుకుంటే విలువ తేల్చడం సులువవుతుంది.

గ్రీన్ ఛానెలా.. రెడ్ ఛానెలా..?

పరిమితి దాటితే రెడ్ ఛానెల్‌కు వెళ్లి డిక్లేర్ చేయాల్సిందే. చెప్పకుండా గ్రీన్ ఛానెల్ గుండా వెళ్తూ దొరికితే సరుకు జప్తు చేస్తారు, పెనాల్టీ కూడా పడొచ్చు. నిజాయితీగా చెప్పినవారికి ఇంకో దారి కూడా ఉంది. సుంకం కట్టడం ఇష్టం లేకపోతే కస్టమ్స్ చట్టం సెక్షన్ 80 కింద సరుకును అక్కడే ఉంచి, తిరిగి విదేశానికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లేందుకు అనుమతి కోరవచ్చు.

ప్యాకింగ్ సంగతేంటి..?

విమానంలో చేతి బ్యాగులో 100 ఎంఎల్ దాటిన ద్రవాలకు అనుమతి లేదు. డ్యూటీ ఫ్రీ షాపు సీల్ చేసి ఇచ్చిన కవర్‌కే మినహాయింపు. దాన్ని ప్రయాణం పూర్తయ్యేదాకా విప్పొద్దు. ఢిల్లీలోనో, ముంబైలోనో దిగి డొమెస్టిక్ ఫ్లైట్ మారేవారు కస్టమ్స్ అక్కడే పూర్తి చేసుకుని, బాటిళ్లను చెక్-ఇన్ బ్యాగులో పెట్టుకోవడం మేలు.

రాష్ట్ర చట్టాలూ చూసుకోవాలి

కస్టమ్స్ దాటినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. గుజరాత్, బిహార్‌లలో మద్య నిషేధం అమల్లో ఉంది. తెలుగు రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. డ్యూటీ ఫ్రీ బాటిల్ సొంత వాడకానికి మాత్రమే. లైసెన్సు లేకుండా తెలిసినవాళ్లకు అమ్మినా ఎక్సైజ్ కేసు తప్పదు. అందుకే బ్యాగ్ సర్దే ముందే సీసాల మీది ఎంఎల్ ఓసారి కూడుకుంటే సరి!